బుడాపెస్ట్‌లో బావను అడగాల్సిన మాట

ఆ రోజుల్లో నేను ఏ పనీ చేయకముందే అలసిపోయేవాణ్ణి. ఇప్పుడంటే పొద్దున్నే పిల్లల స్కూలు వ్యాను, సాయంత్రం నారాయణగూడ ఫ్లైఓవర్ మీద కదలని బండి, మధ్యలో ఆఫీసు, చెప్పుకోవడానికి కారణాలున్నాయి. అప్పుడు ఇరవై ఆరేళ్లు, పెళ్లి లేదు, పిల్లల్లేరు, బీపీ లేదు. అయినా ఒంట్లో సత్తువంతా ఎవరో పిండేసినట్టుండేది. ఆఫీసు వాళ్లు ఆరు నెలల పని మీద వియన్నా పంపించారు. చలికాలం. చీకట్లో ఆఫీసుకు పోయేవాణ్ణి, చీకట్లో గదికి వచ్చేవాణ్ణి. మధ్యలో సూర్యుడు వచ్చి వెళ్లాడని పక్క సీటావిడ చెబితే నమ్మేవాణ్ణి. చిక్కడపల్లిలో మా గల్లీ మాత్రం నేను రోజుకో దేశం తిరుగుతున్నాననుకునేది. "మీవాడు యూరపంతా చూసిండట గదా" అని కూరగాయల బండాయన అడిగితే, అమ్మ ఔననీ కాదనీ అనకుండా కొత్తిమీర ఏరుకునేదట. నేను చూసిన యూరప్ అంటే ఆఫీసు, ట్రాము, గది. డిసెంబర్ ఆఖర్లో నాలుగు రోజులు వరసగా సెలవులొస్తున్నాయని తెలియగానే, ఆ నాలుగు రోజులూ దుప్పటి లోంచి బయటికి రాకూడదని నెల ముందే నిర్ణయించుకున్నాను.

అప్పుడు అమ్మ ఫోన్ చేసింది. విషయం మా అక్కది. అక్క, బావ అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లు. మా ఇంటికి నడిచి పది నిమిషాలు, ఆటో ఎక్కితే ట్రాఫిక్ వల్ల పదిహేను. అక్క పెళ్లికి ముందునుంచీ గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది, పెళ్లి తర్వాతా చదువుతోంది. ఓసారి బావ వాళ్ల పిన్ని ఇంట్లో వ్రతానికి పోతే, ఎవరో పెద్దావిడ "ఏం జేస్తున్నవమ్మా" అని అక్కను అడిగింది. అక్క నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు. "ఏముంది పెద్దమ్మా, మా ఇంట్ల పరీక్షలు అయితనే ఉంటయ్. రిజల్టే రాదు." అందరూ నవ్వారు. అక్క కూడా నవ్విందట. మర్నాడు పొద్దున పుస్తకాలన్నీ రెండు బియ్యం సంచుల్లో కుక్కి, చీరలన్నీ బీరువాలోనే వదిలేసి, ఆటోలో చిక్కడపల్లి వచ్చేసింది. నాలుగు నెలలైంది. పొద్దున్నే లైబ్రరీకి పోతుంది, మూసేదాకా చదువుతుంది, వచ్చి నాలుగు ముద్దలు తింటుంది, మళ్లీ పుస్తకం తీస్తుంది. ఎవరితో ఏమీ అనదు.

ఇక్కడ మా ఇళ్లల్లో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అలిగి వచ్చిన ఆడపిల్ల తనంతట తాను తిరిగిపోదు, మొగుడు వచ్చి పిలుచుకుపోవాలి. మొగుడు పిలవని అత్తగారింటికి రాడు, వాళ్లు భోజనానికి రమ్మనాలి. ఆడపిల్లవాళ్లు ముందుగా రమ్మనరు, అంటే పిల్లను వదిలించుకోవాలని చూస్తున్నట్టుంటుంది. ఈ లెక్కన ఎవరూ ఎప్పటికీ కదలడానికి లేదు. (మరి ఇన్నేళ్లుగా కాపురాలు ఎలా నిలబడ్డాయని అమ్మను అడిగితే, "నడుమ ఎవరో ఒకరు పోయి మాట కదుపుతరు" అంది.) నాన్న ఇట్లాంటి సమయాల్లో పేపర్ అడ్డం పెట్టుకునే మనిషి. మిగిలింది నేను. బావ పని చేసే కంపెనీ మందుబిళ్లల మిషన్లు తెప్పిస్తే, అవి నేర్చుకోవడానికి ఆయన్ని మూడు వారాలు జర్మనీ పంపింది. ఆ సంగతి బావ వాళ్లమ్మ అదే కూరగాయల బండి దగ్గర చెప్పిందట.

"సెలవులకు ఇద్దరు కలిసి ఏదన్న ఊరు చూసి రాండ్రి" అంది అమ్మ. "రెండు రోజులు పక్కపక్కన ఉంటే మాట ఒస్తది. కానీ నువ్వు సీదా అడగొద్దు. మేం అడిగిపిచ్చినట్టు అసలే తెల్వొద్దు. ఆయనే అనాలె. అన్నంక నాకు చెప్పు."

"ఆయనే ఎందుకంటడమ్మా?"

"అందుకే నిన్ను పొమ్మంటున్న. ఇంకోటి. బావ చేత బరువు మోయియ్యకు. ఆయన మాటకు ఎదురు చెప్పకు. మర్యాదల ఏం తక్కువ కావొద్దు." గొంతు తగ్గించింది. "అక్క రాత్రి లైటు తీస్తలేదురా. నాకు భయమైతుంది." అమ్మ భయమవుతోందని నాతో అనడం అదే మొదటిసారి. నా నాలుగు రోజుల నిద్ర అక్కడితో పోయింది.

బావకు ఫోన్ చేస్తే ఇద్దరం పావుగంట చలి గురించి మాట్లాడుకున్నాం. ఏ ఊరు పోదామంటే ఆయన "నీ ఇష్టం" అన్నాడు, నేను "మీ ఇష్టం" అన్నాను. వియన్నా నేను చూసేసి ఉంటానని ఆయన అనుకున్నాడు, జర్మనీ ఆయన చూసేసి ఉంటాడని నేను అనుకున్నాను. చివరికి ఇద్దరికీ ఇష్టమో కాదో తెలియని బుడాపెస్ట్ తేలింది. రోజులు కూడా మేమే ఎంచుకున్నాం, దాని తెలివి చెప్పాలి. ఇరవై నాలుగు మధ్యాహ్నం దిగి ఇరవై ఆరున తిరిగి రావాలి. క్రిస్మస్ వాళ్లకు పెద్ద పండుగ. పండుగంటే మాకు తెలిసింది చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు. దసరా ముందురోజు పూలబండ్ల మధ్య కాలు పెట్టడానికి సందుండదు, దీపావళికి కోఠీలో బట్టల కొట్లు అర్ధరాత్రి దాకా షటర్ దించవు. "మంచి రోజులు దొరికినయ్ బామ్మర్ది, ఊరంత జాతర లెక్కుంటది" అన్నాడు బావ. నేనూ సంతోషించాను, జాతరలో తిరుగుతుంటే మాట కదపడం సులువు కదా అని. వియన్నాలో నాలుగు నెలలుగా ఉంటున్నవాణ్ణి, అక్కడ పండుగకు ఏం జరుగుతుందో పక్క సీటావిడను ఒక్క మాట అడగొచ్చు. అడగాలని తోచనే లేదు.

స్టేషన్‌లో బావను చూడగానే ఆయన పెట్టె అందుకున్నాను. అమ్మ చెప్పింది కదా. ఆయన నా సంచి లాక్కున్నాడు. "వద్దు బావా" అని నేను, "ఉండనియ్" అని ఆయన, ఒక నిమిషం కుస్తీ పట్టాక ఆయన పెట్టె నా చేతిలో, నా సంచి ఆయన భుజాన మిగిలాయి. ఆయన పెట్టెలో వాళ్లమ్మ పెట్టిన అటుకులు, పుట్నాల పొడి, రెండు రకాల తొక్కులు, ఒక చిన్న కరెంటు కుక్కర్ ఉన్నాయి. నా సంచిలో రెండు చొక్కాలున్నాయి. బయటికొస్తే జాతర లేదు. కొట్లన్నీ మూస్తున్నారు. ఒకాయన గాజు తలుపుకు తాళం వేసి, మా వంక జాలిగా చూసి, బరువైన సంచులతో వడివడిగా పోయాడు. ఆ ఊళ్లో పండుగంటే ఇంట్లో కూర్చోవడమట. మధ్యాహ్నానికి బజారు బంద్, ఇంకాస్త పొద్దుపోతే ట్రాములూ బస్సులూ కూడా బంద్. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. అప్పటికి ట్రాము స్టాప్‌లో నిలబడి ఉన్నాం.

ఎంతసేపు నిలబడ్డామో చెబితే నవ్వుతారు. ట్రాము రాదేమోనని నాకు పది నిమిషాలకే అనుమానం వచ్చింది. కానీ ట్రాములో పోదామన్నది బావ. ఆయన మాటకు ఎదురు చెప్పకూడదు. ఆయనకూ వచ్చిందట అనుమానం, కానీ నేను అంత నమ్మకంగా పట్టాల వైపు చూస్తుంటే నా మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాడట. మంచు సన్నగా రాలుతోంది, కాళ్లవేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు, ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసి నవ్వుతున్నాం. "బాగుంది గదా వెదర్" అన్నాడాయన. "మస్తుంది బావా" అన్నాను. ముక్కాలు గంట తర్వాత కుక్కను తిప్పడానికొచ్చిన ఒక ముసలావిడ మమ్మల్ని చూసి ఆగి, పట్టాల వైపు చూపించి, రెండు చేతులూ అడ్డంగా ఊపింది. తర్వాత అరచేతులు చెంప కింద పెట్టుకుని నిద్ర నటించి చూపించింది. ట్రాములు పడుకున్నాయన్నమాట. వాటిని తలుచుకుంటే నాకు అసూయ కలిగింది.

హోటల్ దాకా నడక. పెట్టె చక్రం ఒకటి రాళ్లరోడ్డులో ఇరుక్కుని ఊడిపోయింది, ఆ తర్వాత దాన్ని మోశాను. రెండు చేతులూ పెట్టెకే సరిపోయేసరికి దారి చూడమని నా ఫోన్ బావకిచ్చాను. (ఆయన ఫోన్ చలికి ఎప్పుడో ఆరిపోయింది.) ఆయన ఫోన్ వంక చాలాసేపు చూసి "సీదా పోవాలె" అన్నాడు. సీదా పోయాం. ఒక పెద్ద వంతెన మొదట్లో తేలాం. "ఎడమకు తిరగాల్సి ఉండే" అన్నాడు మెల్లగా. వెనక్కొచ్చాం. మిషన్ల గుట్టు తెలిసిన ఇంజనీరు మ్యాపు చూడలేకపోవడమేమిటని అప్పుడు నాకు కాస్త వింతగా తోచింది, కానీ అనలేదు. గదిలో కెటిల్ నీళ్లలో అటుకులు నానబెట్టి పుట్నాల పొడి కలిపి తిన్నాం. బావ రేపటికీ ఎల్లుండికీ కొంచెం తీసి పక్కన పెట్టాడు. నాకు ఎక్కువ వేశాడు, నేను ఆయన ప్లేట్లో తిరిగి వేశాను, ఆయన మళ్లీ నాకు వేశాడు. అటుకులు చల్లారిపోయాయి. స్నానాల గదిలోకి పోయి ఫోన్ చూసుకుంటే అమ్మవి ఏడు మెసేజీలు. "అడిగినవా", "ఏమన్నడు", "మొఖం ఎట్ల ఉంది", ఇలా. "ఇంకా లేదు, ట్రాము రాలేదు" అని రాశాను. ట్రాముకూ అడగడానికీ ఏం సంబంధమని తిరిగి మెసేజీ వచ్చింది.

మర్నాడు ఊరు పూర్తిగా మూతపడింది. పొద్దున లేచేసరికి నా పిక్కలు రాళ్లలా ఉన్నాయి. రోజంతా గదిలోనే పడుకుందామని నా ప్రాణం కొట్టుకుంటోంది. కానీ బావ అప్పటికే బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పాపం, ఎంత దూరం నుంచి వచ్చాడో, చూడాలని ఉండదా అనుకుని "కొండ మీద కోట ఉందట బావా, పోదామా" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి "పోదాం. తప్పక పోదాం" అన్నాడు. మెట్లు లెక్కపెట్టడం మొదట్లోనే మానేశాను. నాలుగో మలుపు దగ్గర బావ ఆగి ఒక గోడను మెచ్చుకున్నాడు. అయిదో మలుపు దగ్గర నేను ఒక స్తంభాన్ని మెచ్చుకున్నాను. ఆ పూట మేము చూసినంత శ్రద్ధగా ఆ గోడల్ని కట్టినవాళ్లు కూడా చూసి ఉండరు. పైకెక్కితే కింద నదీ, ఊరూ, వంతెనలూ కనపడాలి. పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు. ఆ తెల్లటి గోడ ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని ఇంటి గ్రూపులో పెట్టాం. అమ్మ దండం బొమ్మ పెట్టింది. అక్క చూసింది, ఏమీ పెట్టలేదు. ఆమె చూసినట్టు తెర మీద గుర్తు రాగానే బావ ఫోన్ లోపల పెట్టుకున్నాడు, నిమిషం తర్వాత మళ్లీ తీసి చూశాడు.

అడగడానికి అంతకంటే మంచి తావు దొరకదని నాకు తెలుసు. గొంతు సవరించుకున్నాను. "బావా..." అన్నాను. ఆయన వెంటనే నా వైపు తిరిగాడు, "చెప్పు" అన్నాడు. "చలి ఎక్కువుంది" అన్నాను. "ఔ, ఎక్కువనే ఉంది" అన్నాడు, ఆయన భుజాలు కొంచెం జారాయి. ఇద్దరం మెట్లు దిగాం.

హోటల్ కౌంటర్ దగ్గరి అమ్మాయిని తెరిచి ఉన్నది ఏదైనా ఉందా అని అడిగితే, చాలాసేపు ఆలోచించి ఒక కాగితం ఇచ్చింది. ఆ ఊళ్లో నేల లోంచి వేడినీళ్లు ఊరతాయట, వాటికి కొలనులు కట్టి స్నానాలు చేస్తారట, అది పండుగ రోజు కూడా తెరిచే ఉంటుందట. పోవాలా వద్దా అని ఇద్దరం "మీ ఇష్టం, నీ ఇష్టం" మొదలుపెట్టేలోపు ఆ అమ్మాయే దారి గీసి చేతిలో పెట్టింది. ఈత చెడ్డీలు లేకపోతే అక్కడే కౌంటర్లో ఇచ్చారు. నాకు వంకాయ రంగుది వచ్చింది. బావకు పెద్ద పెద్ద పసుపు పూలది వచ్చింది. అది వేసుకుని ఆయన బయటికొచ్చేసరికి ఎటు చూడాలో నాకు తెలియలేదు. మా ఇంటికొస్తే బావ బనీను మీద కూడా తిరగడు, కరెంటు పోయినా చొక్కా గుండీ విప్పడు. ఆయనకు బొజ్జ ఉందన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇద్దరం చేతులు కట్టుకుని, ఒకళ్లనొకళ్లు చూడకుండా, మంచులో కాళ్లు కాలుతున్నట్టు గెంతుకుంటూ పోయి నీళ్లలో పడ్డాం.

ఆ నీళ్ల గురించి ఏం చెప్పను. ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో, అది ఎంత అలసిందో ఒక్కొక్కటిగా తెలిసొచ్చింది, తెలిసీ తెలియగానే ఆ అలసట కరిగిపోయింది. మెడ దాకా వేడినీళ్లు, తల మీద మంచు. చుట్టూ ఆవిరి. కొంచెం దూరంలో ఇద్దరు ముసలాళ్లు నీళ్లలోనే నిలబడి చదరంగం ఆడుతున్నారు. ఫోన్లు లోపల లాకర్‌లో ఉన్నాయి, అమ్మ మెసేజీలు లేవు. నాకు కళ్లు మూసుకుపోతున్నాయి. అప్పుడు ఆవిరిలోంచి బావ గొంతు వినిపించింది.

"మీ అమ్మ నిన్నటిసంది అడుగుమంటుంది గదా. నువ్వు అడుగవేంది?"

నేను నీళ్లు మింగాను. అవి గంధకం వాసన వేశాయి. "మీకెట్ల తెలుసు బావా?"

"మ్యాపు చూడుమని ఫోన్ నాకే ఇస్తివి. మ్యాపు మీదనే వచ్చింది, అడిగినవా అని. దాన్ని చూసేవరకు ఇంకోటొచ్చింది, మొఖం ఎట్ల ఉంది అని. నా మొఖం ఎట్ల ఉందో అని నేను పరేషాన్‌ల ఉన్న, ఎడమకు తిరిగేది పోయింది." ఆయన మొహం తుడుచుకున్నాడు. "రూంల అడుగుతవనుకున్న. అడగలే. పొద్దున బూట్లేసుకుని కూసున్న, ఎటన్న తీస్కపోయి అడుగుతవేమో అని. కొండ అంటివి. సరే, పైన అడుగుతడు పిల్లడు అని ఎక్కిన. నా మోకాళ్ల సంగతి నీకు తెల్వది."

"నేను మీకు చూడాలని ఉందని ఎక్కిన బావా. నాకు పండుకోవాలని ఉండె."

"నాకు చూడాలనా?" అన్నాడు బావ. "మూడు వారాల నుంచి మిషన్ల పక్కన నిలబడి ఉన్నోణ్ని. నాకేం చూడాలనుంటదిరా."

అన్నేళ్లలో ఆయన నన్ను 'రా' అనడం అదే మొదలు. ఇద్దరం నవ్వాం. చదరంగం ముసలాళ్లు తలెత్తి చూశారు. నవ్వు తగ్గాక బావ "ఇగ అడుగు మరి" అన్నాడు. రెండు వారాలుగా నేను తయారుచేసుకున్న ఉపన్యాసం ఒకటుండేది, అందులో సంసారం, సహనం అన్న మాటలుండేవి. అవేవీ గుర్తు రాలేదు. "అక్కను ఎప్పుడు తీస్కపోతరు?" అన్నాను.

ఆయన నా వైపు చూడకుండా ఆవిరితో చెబుతున్నట్టు చెప్పాడు. "ఆ మాట నవ్వులాటకన్న అని అందరికి చెప్పిన. నవ్వులాటకు కాదు. మీ అక్క పాసైతది. నాకు తెలుసు, ఆమె చదువుడు రోజు చూసెటోణ్ని నేను. పాసైతే ఏడ ఏస్తరో. గద్వాల ఏస్తరో, ఆసిఫాబాద్ ఏస్తరో. నా నౌకరి హైదరాబాద్‌ల. పొద్దున లేస్తే ఇంట్ల మనిషి ఉండదు. ఒక దినం కూసోని, పాస్ కాకుంటేనే మంచిగుండు అనుకున్న. ఒక్కసారే అనుకున్న. గది మనసుల ఉండి నోట్లకెళ్లి గట్ల వచ్చింది. ఆమె ఆ రోజు నవ్వుకుంట నన్ను చూసింది చూడు, ఆమెకు తెల్సిపోయింది." నీళ్లు దోసిట్లోకి తీసుకుని వదిలేశాడు. "రోజు డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు లైబ్రరీ గేటు కాడ బండి మెల్లగ చేస్త. ఎన్నడు ఆపలే. ఏం మొఖం పెట్టుకుని ఆపాలె?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయో, ఆవిరో నేను చెప్పలేను. నా కళ్లలో మాత్రం నీళ్లే. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా పది నిమిషాలు నడవలేని మనిషి, ఈ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చి, పూల చెడ్డీ వేసుకుని నీళ్లలో నిలబడ్డాడు. అప్పటిదాకా బావ అంటే నాకు ఇస్త్రీ చొక్కా, మర్యాద, పండక్కి బట్టలు. ఆయనకు భయాలుంటాయని నాకు తట్టలేదు. "ఇదే చెప్పుండ్రి అక్కకు" అన్నాను. "ఎక్కడ చెప్పాలె, మీ ఇంటికి నన్ను ఎవరు పిలిచిండ్రు?" అన్నాడు. నిజమే. పిలవడానికి నాకు అధికారం లేదు. అమ్మ మాట రాబట్టమంది గానీ పిలవమనలేదు. అక్కను అడగనే లేదు. అయినా ఆ నీళ్లలో, వంకాయ రంగు చెడ్డీలో, చేతులు రెండూ జోడించి "వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలె బావా" అన్నాను. ఆయన కూడా చేతులు జోడించి "తప్పకుండ వస్త" అన్నాడు. ముసలాళ్లలో ఒకాయన ఏమనుకున్నాడో, మాకు నమస్కారం పెట్టాడు.

గదికి రాగానే అమ్మకు ఫోన్ చేసి, నిన్నడగకుండా పిలిచేశానని చెప్పాను. తిడుతుందని చెవికి దూరంగా పెట్టుకున్నాను. తిట్టలేదు. "అల్లుడు దొండకాయ తింటడా, తినడా? నాలుగు నెలలాయె, మర్చిపోయిన" అంది. "తింటడమ్మా" అన్నాను. నాకూ తెలియదు. "అక్కకు చెప్పాలె మరి" అంటే, "నేను చెప్త. ఇంట్ల ఉంటదో బయటికి పోతదో ఆమె ఇష్టం" అంది. ఇరవై ఆరున స్టేషన్‌లో విడిపోయేటప్పుడు పెట్టె ఆయనది ఆయన, సంచి నాది నేను మోసుకున్నాం. మిగిలిన పుట్నాల పొడి ఆయన నాకిచ్చేశాడు.

ఆదివారం నాకు ఏ పనీ తోచలేదు. వియన్నా గదిలో ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మా మధ్యాహ్నానికి, అంటే అక్కడ సాయంత్రమవుతుండగా, బావ ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"పోయిన బామ్మర్ది. మీ అమ్మ ఎన్ని రకాలు చేసిందో. మీ అక్క లేదు. పొద్దుగాలనే లైబ్రరీకి పోయిందట. వచ్చేది లేదు అని చెప్పి పోయిందట."

"మరి?"

"నేను తినలే. టిఫిన్ డబ్బల పెట్టియ్యమని, తీస్కొని లైబ్రరీకి నడిచి పోయిన. ఆ చెట్ల కింద కుర్చీలేసుకుని వందల మంది పిల్లలు. అందరు తల వంచుకునే ఉంటరు, ఎట్ల దొరకవట్టాలె? మూడుసార్లు తిరిగిన. దొరికింది. నీకు చెప్పిందంత చెప్పిన. పాస్ కావొద్దని అనుకున్న అని గూడ చెప్పిన. పక్కనోళ్లు వింటున్నరు. అయినా చెప్పిన."

"అక్క ఏమన్నది?"

"పుస్తకం మూసింది. లేచింది. ఇక్కడ లేస్తే కుర్చీ పోతదట, ఇంకొకరు కూసుంటరట. 'నేను తిని వచ్చేదాక మీరు కూసోండ్రి' అన్నది. డబ్బ తీస్కొని పోయింది. కూసున్న."

"ఎంతసేపైంది?"

"మూడు గంటలు దాటింది."

"తినడానికి మూడు గంటలా బావా?"

"మీ అమ్మకు ఫోన్ చేసి అడిగిన. ఇంటికి పోయి, అన్నం తిని, అట్లనే చాప మీద ఒరిగిందట. నాలుగు నెలల నుంచి సరిగ్గ నిద్ర లేదట. మీ అమ్మ ఫ్యాన్ బంద్ చేసి దుప్పటి కప్పిందట. లేపొద్దని చెప్పిన."

"ఇప్పుడు మీరెక్కడున్నరు?"

"కుర్చీలనే" అన్నాడు. "అందుకే మెల్లగ మాట్లాడుతున్న. పిల్లలు చదువుకుంటున్నరు."

(ఆ పరీక్షలో అక్కకు ఉద్యోగం రాలేదు. దాని తర్వాతి దాంట్లో వచ్చింది. బావ భయపడ్డట్టే దూరంలోనే వేశారు. ఆయన శనివారం శనివారం బస్సెక్కుతాడు, ఆదివారం రాత్రికి మోకాళ్లు పట్టుకుని దిగుతాడు. బాగుందా బావా అంటే, ఏం బాగు, ఒళ్లు హూనమైతుంది అంటాడు. మళ్లీ శనివారం పోతాడు.)

ఆ రోజు నేను చేయాల్సిన పని ఒకటే, సంతోషపడి ఫోన్ పెట్టేయడం. కానీ ఇరవై ఆరేళ్లు కదా. చలిలో పెట్టె మోసినవాణ్ణి, కొండెక్కినవాణ్ణి, అధికారం లేకపోయినా చేతులు జోడించి పిలిచినవాణ్ణి. ఇదంతా ఎవరో ఒకరు గుర్తించాలని ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లాణ్ణి చూసి సిగ్గూ వేస్తుంది, నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. "మరి అక్క నా గురించి ఏమన్న అన్నదా బావా?" అని అడిగాను.

బావ కాసేపు ఆలోచించాడు. "లేదు బామ్మర్ది" అన్నాడు. "ఇంకా లేవలే."